పోనీ అన్నాను గానీ పారిపొమ్మనలేదు

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు క్షేమమని తలచే ఓపిక ఇవాళ నాకు లేదు. నేనైతే క్షేమంగా లేను. మీ అక్క మీద పోలీసు కేసు పెట్టారు. నవ్వు ఆపుకుని చదువు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి పెట్టేస్తాం. మొన్న నీ పుట్టినరోజుకి శుభాకాంక్షలు చెబుదామని చేసి, నిన్ను తిట్టి పెట్టేశాను. ఆ శుభాకాంక్షలు ఇంకా నా దగ్గరే ఉండిపోయాయి. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

మంగళవారం పొద్దున క్లాసు. మా డ్రైవింగ్ స్కూలు కారు సంగతి నీకు తెలిసిందే. స్టీరింగ్ ఒకటే గానీ బ్రేకూ క్లచ్చూ పక్క సీటు కింద నాకూ ఉంటాయి. స్టీరింగ్ దగ్గర నా స్టూడెంటు, ఒక పెద్దావిడ. పేరడక్కు. కాలవ మీది వంతెన ఎక్కుతున్నాం. మొదట్లోనే ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడి మా వైపు చెయ్యెత్తాడు. వెనక ఎల్ బోర్డు తాడు తెగి తలకిందులుగా వేలాడుతోందని మాకు తర్వాత తెలిసింది.

ఆవిడ ఆ చెయ్యి చూసి, పాపం ఎవరో పలకరిస్తున్నాడనుకుని తనూ చెయ్యి ఊపింది. నవ్వింది కూడా. ఇండికేటర్ వెయ్యమన్నాను. కంగారులో స్టీరింగ్ పక్కన అవతలి వైపు కాడ పట్టుకుని లాగింది. వైపర్లు లేచాయి. వాటితో పాటు అద్దం కడిగే నీళ్లు చిమ్మాయి. మా కారులో ఆ నీళ్ల గొట్టం కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. ఆ సంగతి ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు కానిస్టేబుల్‌కీ తెలుసు.

వంతెన మీద ఆపితే వెనక వస్తున్న ఇసుక లారీ మమ్మల్ని నేరుగా కాలవలో దింపేది. అందుకని అవతల ఉన్న పెట్రోలు బంకు దాకా పోనిచ్చి, నాలుగు దీపాలూ వెలిగి ఆరేలా పెట్టించి, పక్కకి చక్కగా ఆపించాను. కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వచ్చేసరికి ఆవిడ ఇంకా సీటు బెల్టు కూడా తియ్యలేదు. తడిసిన ముఖంతో ఉన్న ఆ మనిషిని, "బాగా ఆపానా బాబూ?" అని అడిగింది.

అతను కాగితం మీద రాసింది ఇదీ. ఆపమన్నా ఆపకుండా పోలీసుల నుంచి తప్పించుకుని పారిపోయే ప్రయత్నం. విధుల్లో ఉన్న ఉద్యోగిని చెయ్యి ఊపి హేళన చేయుట. నీళ్లు చల్లుట. పైగా కారు అద్దం దించి ఉండటం వల్ల నేను "పోనీ, పోనీ" అని అరవడం తన చెవులతో విన్నాడట.

నువ్వు పోలీసు ట్రైనింగ్ స్కూల్లో సరిగ్గా దీని మీదే పాఠాలు చెబుతావు కదా. చట్టం ప్రకారం పారిపోవడం అంటే ఏమిట్రా? సైకిల్ మీద పాలాయన మమ్మల్ని దాటుకుని వెళ్లాడు. ఆ వేగంతో ఎవరైనా పారిపోగలరా?

నవ్వులాటకి రాస్తున్నాననుకోకు. నేరం రుజువైతే స్కూలు లైసెన్సు పోతుంది. ఆవిడకి మళ్లీ కొన్నేళ్ల దాకా స్టీరింగ్ ముట్టుకునే వీలుండదు. అంత కాలం ఆగే పరిస్థితి ఆవిడది కాదు.

ఇట్లు,
పరారీలో లేని మీ అక్క


జూన్ 10

విషయం: నీ నాలుగో తేదీ ఉత్తరం, అందులోని నేరం.

అక్కకి,

నేను క్షేమం. నీ ఉత్తరం చదవక ముందు ఇంకా క్షేమంగా ఉండేవాణ్ణి.

మొదటి మాట. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి "నడిపింది నేను కాదు సార్, నాతో ఉన్న ఒకావిడ" అన్న ముక్క ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. పేరడక్కు అన్నావంటే ఆవిడ లేనట్టే. చెయ్యి ఊపింది నువ్వే. అలాంటి పని నువ్వు తప్ప మన వంశంలో ఎవరూ చెయ్యరు.

రెండో మాట చట్టం. పారిపోవడం అనిపించుకోవాలంటే మూడు ఉండాలి. ఆపమన్న సంకేతం స్పష్టంగా ఉండాలి, ఇచ్చింది పోలీసని చూడగానే తెలియాలి. నడిపే మనిషి దాన్ని చూసి అర్థం చేసుకుని ఉండాలి. ఆ తర్వాత తెలిసి తెలిసి, తప్పించుకునే ఉద్దేశంతో ఆపకుండా వెళ్లాలి. వేగంతో పని లేదు. ఎద్దుబండి మీద పోయినా పారిపోవడం పారిపోవడమే. కాకపోతే దీపాలు ఆర్పెయ్యడం, సందుల్లోకి తిప్పడం, వేగం పెంచడం లాంటివి ఉద్దేశాన్ని పట్టిస్తాయి.

ఇదంతా కొత్తగా చేరినవాళ్ల బుర్రకి ఎక్కదు. అందుకని నేనొక సులువు చెప్పి ఉంచాను. చెయ్యెత్తాక తర్వాతి దీపస్తంభం దాటితే పారిపోయినట్టే. మావాళ్లు దీన్ని ఎక్కంలా అప్పజెబుతారు. కాబట్టి నువ్వు దీపస్తంభం దాటావా లేదా, అది చెప్పు. దాటి ఉంటే నేరం ఒప్పుకుని క్షమాపణ కోరు. నీళ్లకి విడిగా కోరు.

ఆదివారం మామయ్యకి ఫోన్ చేసినప్పుడు నీ సంగతి చెప్పాను. చూపు పోయాక ఆయనకి కాలక్షేపం నా ఫోనే కదా. ముందు బాగా నవ్వాడు. తర్వాత ఇక మన అత్తని నీ దగ్గరికి పంపనన్నాడు. అత్తకి వివరాలు చెప్పొద్దన్నాను. పెద్ద మనిషి, విని భయపడుతుంది.

చట్టానికి లోబడిన,
నీ తమ్ముడు


జూన్ 15

చిన్నోడా,

నీ విషయం నీ దగ్గరే పెట్టుకో. ఇప్పుడు నేను చెప్పే విషయం విను.

స్టీరింగ్ దగ్గర ఉన్నది అత్త. మన అత్తే. నాన్న చెల్లెలు. నీకు చిన్నప్పుడు ముక్కు తుడిచిన మనిషి. విని భయపడుతుందని నువ్వు దాచిపెట్టిన కథలో చెయ్యి ఊపింది ఆవిడే.

మామయ్య బతుకంతా బస్సు నడిపాడు. షుగరు కళ్లు తినేశాక ఆయన కారు షెడ్డులో పట్టా కప్పుకుని పడి ఉంది. అద్దె కారు ఎక్కించి ఎక్కడికైనా తీసుకెళ్దామంటే, వెనక సీట్లోంచి డ్రైవర్‌కి గేర్లు చెబుతాడు. క్లచ్ మీద కాలెందుకు పెట్టావంటాడు. కళ్లు లేకపోయినా ఆ చెవులున్నాయే, అవి చాలు. ఇద్దరు డ్రైవర్లు నడిరోడ్డు మీద దింపేసి పోయారు. అప్పటి నుంచి ఆయన గుమ్మం దాటలేదు. కుర్చీలో కూర్చుని, వీధిలో పోయే బండి ఏ గేర్లో ఉందో గోడకి చెబుతూ ఉంటాడు. మనిషి తగ్గిపోతున్నాడ్రా. అన్నం కూడా సగమే తింటున్నాడు.

అందుకని అత్త తనే నేర్చుకుంటానంది. ఆయనకి తెలిస్తే కుర్చీలోంచే పాఠం మొదలెడతాడని, నాకు నడుము నొప్పి, ఇంటిపనిలో సాయానికి వస్తున్నానని చెప్పి వచ్చేది. నా నడుము కన్నా గట్టి నడుము ఈ వీధిలో లేదు. ఆయన నమ్మాడు. ఇప్పుడు నీ పుణ్యమా అని, "పోలీసుల్ని చూసి పారిపోయే దాని ఇంట్లో నువ్వు చేసే సాయమేంటి, కారు తోస్తావా?" అని అడిగాడట. క్లాసులు ఆగిపోయాయి.

"పోనీ" సంగతి కూడా రాసుకో. రెండుసార్లు అన్నాను. మొదటిది, ఇక్కడ కాదు, బంకు దాకా పోనీ అని. నీళ్లు చిమ్మాక అత్త, "అయ్యో, ఆ అబ్బాయి తడిసిపోయాడే" అని బాధపడింది. అప్పుడు రెండోది, పోనీలే అని. ఆ కానిస్టేబుల్ రెండింటినీ కలిపి కుట్టేశాడు.

నా కాలు నా బ్రేకు మీదే ఉంది. ఎప్పుడైనా తొక్కగలను. తొక్కలేదు. అద్దంలో లారీ కనబడుతోంది కాబట్టి తొక్కలేదు. దీన్ని నీ దీపస్తంభం ఏమంటుంది?

లాయరుని పెట్టుకున్నాను. నా దగ్గర నేర్చుకుంటున్నవాడే. మలుపు వస్తే కళ్లు మూసుకుంటాడు. కోర్టులో మాత్రం తెరిచి ఉంచుతానని మాటిచ్చాడు.

నీ మీద పీకల దాకా కోపంతో,
అక్క


జూన్ 21

అక్కకి,

విషయం అని ఈసారి రాయడం లేదు. గమనించగలవు.

అత్త అని నాకేం తెలుసు? ఆ ముక్క ముందే రాసి ఉంటే మామయ్య దగ్గర నోరు విప్పేవాణ్ణి కాదు. నేనన్నీ ఆయనకి చెప్పేస్తానని కదా నువ్వు దాచావు. నువ్వు దాచబట్టే నేను చెప్పాను. తప్పు ఎవరిదో నువ్వే తేల్చు.

కేసు గురించి ఆలోచించాను. నీ కారులో చిక్కేమిటంటే, నడిపేది స్టూడెంటే అయినా బండి బాధ్యత నేర్పేవాళ్లది. నువ్వు బాధ్యత తీసుకుంటే నీ స్కూలు పోతుంది. అత్త మీద వేస్తే అత్త లైసెన్సు పోతుంది. ఇద్దరూ బయటపడే దారి ఒకటే. అత్తకి శుక్లాల ఆపరేషన్ అయింది కదా. ఎండ కళ్లలో కొట్టి చెయ్యి కనబడలేదని చెప్పించు. చూడలేదంటే రెండో షరతు ఎగిరిపోతుంది. దాంతో కేసూ ఎగిరిపోతుంది.

ఇంకో మాట. ఎవరన్నది చెప్పకుండా మీ సంగతి మా క్లాసులో లెక్కలా ఇచ్చాను. అందరూ చేతులెత్తి నేరమే అన్నారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం లేచి, "ఆవిడ ఆపింది కదా సార్" అంది. కూర్చోమన్నాను.

మీ ఇద్దరి కోసమే ఆలోచిస్తున్న,
తమ్ముడు


జూలై 2

చిన్నోడా,

నీ దొంగ సలహా అత్తకి చదివి వినిపించాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు కూడా పెంచలేదు. "ఆయన కళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఉన్న కళ్లు లేవని నేను చెప్పను" అంది. ఆ తర్వాత నువ్వు తిన్నావో లేదో అడిగింది. అదీ నీ మేనత్త.

పైగా మమ్మల్ని లెక్కలా ఇచ్చావా? రెండు ముసలి కోడిపెట్టలూ ఒక ఇసుక లారీ అని బోర్డు మీద బొమ్మ కూడా గీశావా? ఆ వెనక బెంచీ అమ్మాయికి ఉద్యోగం వదిలేసి మా ఊరు వచ్చెయ్యమని చెప్పు. నేను స్కూల్లో చేర్చుకుంటాను.

మొదటి వాయిదా నిన్న జరిగింది. మామయ్యకి గుడ్డల దుకాణమని చెప్పి అత్త వచ్చింది. కోర్టు హాలు మన పాత ఇంటి వంటగదంత ఉంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా గుమాస్తా కాగితాలు రెండు చేతులతో అదుముకుంటాడు. జడ్జిగారు ఒకావిడ. కళ్లజోడు పైనుంచి చూసే మనిషి.

కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు. అత్తని చూసి నమస్కారం కూడా పెట్టాడు. పారిపోయారని ఎలా నిర్ణయించావని జడ్జిగారు అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చెయ్యెత్తాక తర్వాతి దీపస్తంభం దాటితే పారిపోయినట్టే. నీ ఎక్కం, నీ గొంతు, నీ విరుపులతో సహా. అప్పుడర్థమైంది. మన చిన్నోడి శిష్యుడు.

మా లాయరు కళ్లు తెరిచి లేచాడు. ఆ వంతెన మీద దీపస్తంభాలే లేవని ఫోటోలు చూపించాడు. పెట్రోలు బంకు దాటాక గానీ ఒక్కటీ లేదు. అంటే నీ లెక్క ప్రకారమే మేం పారిపోలేదు. దానికి కానిస్టేబుల్, వంతెన మీద సబ్బు ప్రకటన బోర్డుకి ఒక స్తంభం ఉందని, దానికి చిన్న బల్బు కూడా ఉందని అన్నాడు. బల్బు వెలుగుతుందా లేదా అని ఇద్దరూ వాదించుకుంటుంటే జడ్జిగారు కలం కింద పెట్టి, ఈ స్తంభం పాఠం నీకు చెప్పిందెవరని అడిగారు. అతను నీ పేరు, నీ హోదా, నీ గది నంబరు చెప్పాడు.

ఆ మాస్టారిని పిలిపించండి అన్నారు ఆవిడ.

ముందే చెబుతున్నాను, నేను అడగలేదు. మా లాయరూ అడగలేదు.

అక్క


జూలై 6

సమను అందింది. మా ప్రిన్సిపాల్ చేతుల మీదుగా అందింది. ఆయన దాన్ని గట్టిగా చదివి, కళ్లు తుడుచుకుని, దీపస్తంభం అంటే ఏంటోయ్ అని అడిగాడు. క్యాంటీన్‌లో టీ పోసే అతను కూడా నన్ను స్తంభం సార్ అంటున్నాడు.

మామయ్యకి చెప్పినందుకు కక్ష తీర్చుకున్నావు. బాగుంది.


జూలై 9

నీ మీద కక్ష తీర్చుకోవాలంటే నాకు కోర్టు అక్కర్లేదు. నీ చిన్నప్పటి ఫోటో ఒకటి మీ ప్రిన్సిపాల్‌కి పంపితే చాలు. ఏ ఫోటోనో నీకు తెలుసు.

రా, రాకపో. వచ్చి నీ స్తంభాన్నే పట్టుకుని వేలాడతావో, నిజం చెబుతావో నీ ఇష్టం. మాకు మాత్రం దాచేది ఏమీ మిగల్లేదు. అత్త మొన్న భోజనాల దగ్గర మామయ్యకి మొత్తం చెప్పేసింది. వంతెన, చెయ్యి ఊపడం, నీళ్లు, కోర్టు, అన్నీ. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడట. "వంతెన మీద ఏ గేర్లో ఉన్నావు?" అన్నాడు. రెండు అంది. "మూడు వెయ్యాల్సింది." అంతే.

మర్నాడు పొద్దున అత్త వంటింట్లో ఉంటే, క్లాసుకి టైమవుతోంది, ఇంకా ఏం చేస్తున్నావని ఆయనే కేకేశాడు.

భయపడినట్టే జరిగింది లే. ఇప్పుడు సాయంత్రాలు అత్త చేతికి పళ్లెం ఇచ్చి స్టీరింగ్ తిప్పిస్తున్నాడు. కానీ అన్నం మాత్రం పూర్తిగా తింటున్నాడు.

అక్క


జూలై 19

అక్కకి,

నిన్న కోర్టులో నన్ను లోపలికి పిలిచేసరికి మీరిద్దరూ లేరు. అత్తకి ఊపిరాడనట్టుగా ఉంటే నువ్వు వరండాలోకి తీసుకెళ్లావని గుమాస్తా చెప్పాడు. లోపల జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మీ లాయరు చెబితే దానికి ఉప్పూ కారం వేస్తాడు.

జడ్జిగారు చట్టం పుస్తకం నా ముందుకు తోసి, "ఇందులో దీపస్తంభం ఎక్కడుంది?" అన్నారు.

"లేదండి."

"మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

"నా నుంచండి."

ఎందుకని అడిగారు. గుర్తుంటుందని చెప్పానన్నాను. గుర్తుండిపోయింది, చూశారుగా అన్నారు. నేలలోకి దిగిపోవాలనిపించింది. యూనిఫాం ఇస్త్రీ మాత్రం చెక్కు చెదరలేదు.

తర్వాత అసలు చట్టం చెప్పమన్నారు. చెప్పాను. సంకేతం, దాన్ని చూసి తెలుసుకోవడం, తెలిసీ తప్పించుకునే ఉద్దేశం. ఈ కారు విషయంలో ఏవి ఉన్నాయని అడిగారు. అక్కా, బస్సులో వచ్చేటప్పుడు ఏమీ అనుకోలేదు. నిజం చెబుతున్నాను, కొంచెం అటూ ఇటూ కాకుండా చెప్పి తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ ఆవిడ అలా అడిగేసరికి మా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి గుర్తొచ్చింది. మొదటి రెండూ ఉన్నాయండి అన్నాను. నేర్పే ఆవిడ పోలీసుని చూసింది, ఆపమంటున్నాడని ఆవిడకి తెలుసు. మూడోది లేదండి. పారిపోయే మనిషి నాలుగు దీపాలూ వెలిగించుకుని, పాలాయన సైకిల్ వెనకపడి, ఎదురుగా కనబడే బంకులో ఆగి ఎదురుచూడదు. మా పోలీసులం ఎవరం నడివంతెన మీద బండి ఆపమని అడగం. ఆపడానికి వీలున్న చోటు దాకా నెమ్మదిగా వెళ్లి ఆపితే అది పారిపోవడం కాదు. వెంటనే ఆపలేదని అంటే అనొచ్చు, అది వేరే, చిన్నది. "వీళ్లు ఆపడం ఆలస్యమైందండి. ఆపకపోవడం కాదు" అన్నాను.

సర్కారు వకీలు లేచి, నిందితురాలు మీకు అక్క కదా, అక్క కోసం చెబుతున్నారా అన్నాడు. మా అక్క కోసమైతే నేను వచ్చేవాణ్ణే కాదండి, మేం ఫోన్‌లో కూడా మాట్లాడుకోం అన్నాను. రికార్డులో రాశారు. ఇంక దాన్ని తీయించలేం.

ఆఖరికి మీ లాయరు నన్ను ముంచాడు. ఎప్పుడైనా కారు నడుపుతుంటే పోలీసు చెయ్యెత్తాడా, ఎంత దూరంలో ఆపగలిగారు అని అడిగాడు. నాకు మోటారు సైకిలే వచ్చు. కారు రాదు. చెప్పాను. హాలంతా నవ్వింది. జడ్జిగారు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నారు. చాలాసేపు సర్దుకున్నారు.

బయటికొస్తే ఆ కానిస్టేబుల్ సెల్యూట్ చేసి, "మీరు చెప్పిందే చేశాను సార్" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు ముఖం లేదు. అవునయ్యా, నువ్వు సరిగ్గానే నేర్చుకున్నావు, నేనే తప్పు నేర్పాను అన్నాను. ఇవాళ క్లాసులో స్తంభం తుడిచేసి, వెనక బెంచీ అమ్మాయిని లేపి, ఆ రోజు ఏదో అన్నావు, మళ్లీ చెప్పమ్మా అన్నాను. పాపం శిక్ష అనుకుని పుస్తకాలు సర్దుకుని బయటికి నడవబోయింది.

తీర్పు ఏమైందో నాకు తెలియదు. బస్సు టైమైందని వచ్చేశాను.

తమ్ముడు


జూలై 23

చిన్నోడా,

గెలిచాం. పారిపోవడం కొట్టేశారు. వెంటనే ఆపనందుకూ, ఎల్ బోర్డు తలకిందులైనందుకూ చిన్న జరిమానా, ఒక మందలింపు. నా స్కూలూ ఉంది, అత్త లైసెన్సూ ఉంది.

నువ్వు వెళ్లాక, నీళ్ల సంగతి తేల్చడానికి జడ్జిగారు అత్తని బోనులో స్టీరింగ్ ఉన్నట్టు ఊహించుకోమని, ఇండికేటర్ ఎటు వేస్తారో చూపించమన్నారు. అత్త ఎంతో నమ్మకంగా మళ్లీ వైపర్ వైపే లాగింది. కానిస్టేబుల్ అసంకల్పితంగా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇందులో ఉద్దేశం ఏమీ లేదని జడ్జిగారు అక్కడే రాసేసుకున్నారు.

"పోనీ" మీద మాత్రం ఇద్దరు వకీళ్లూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. పోనివ్వమనా, పోనీలే అనా, పొమ్మనా అని. ఆవిడ విని విని విసిగిపోయి, "సరే పోనీ, ఇక ఆపండి" అన్నారు. అనేశాక ఆవిడకే తట్టింది. వకీళ్లిద్దరూ చొక్కాలు సర్దుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నీ కేసు. కోర్టు మెట్ల మీద నుంచి అత్త నిన్ను చూసి చెయ్యెత్తింది. స్పష్టంగా ఎత్తింది. నువ్వు తల తిప్పి చూశావు. ఎవరో గుర్తుపట్టావు, నీ నడక మారింది. అయినా తెలిసి తెలిసి బస్సెక్కావు. వేగం కూడా పెంచావు. నువ్వు చెప్పిన మూడూ ఉన్నాయి. దీన్నేమంటారో మీ క్లాసులో అడుగు.

అత్త ఆ చెయ్యి చాలాసేపు దించలేదురా.

అక్క


జూలై 27

నేరం ఒప్పుకుంటున్నాను. అత్త ముఖం చూడలేక వచ్చేశాను. వచ్చే ఆదివారం లొంగిపోతాను. అన్నం ఉంచమను.


అక్టోబరు 11

చిన్నోడా,

అత్త పరీక్ష పాసైంది. మొదటిసారి కాదు, మూడోసారి. అది ఎవరికీ చెప్పొద్దంది, నీకు చెప్పొద్దని విడిగా ఏమీ అనలేదు. మామయ్య నీకు ఫోన్‌లో చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

నిన్న షెడ్డు తెరిచి పట్టా తీశాం. కొత్త బ్యాటరీ వేశాక కారు దగ్గి లేచింది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటూ నిలబడ్డాడు. ఎన్ని నెలలైందో ఆయన ఆ గడప దాటి. బయటికొచ్చి, తడుముకుంటూ, అలవాటు ప్రకారం నేరుగా స్టీరింగ్ వైపు తలుపు దగ్గరికి వెళ్లాడు. పిడి మీద చెయ్యి వేశాడు. నేను ఏదో అనబోయాను. అత్త నా వైపు చూసి వద్దంది. ఆయన మణికట్టు పట్టుకుని, కారు ముందు నుంచి చుట్టూ తిప్పి అవతలి వైపుకి తీసుకెళ్లింది. ఆయన రెండో అరచెయ్యి బానెట్ మీద రాసుకుంటూ నడిచాడు. దుమ్ములో ఆ చెయ్యి గీసిన గీత ఇంకా అలాగే ఉంది.

నేను వెనక కూర్చున్నాను. కాలి కింద బ్రేకు లేని సీట్లో కూర్చోవడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. కాలు గాల్లో వెతుక్కుంటూనే ఉంది. అత్త కంటే నాకే చెమటలు పట్టాయి. మామయ్య నోరు ఎప్పుడు విప్పుతాడా అని ఎదురుచూశాను. అత్త రెండో గేర్‌లో కొంచెం ఎక్కువసేపే ఉంచింది. ఆయన ఏమీ అనలేదు. మార్కెట్ దగ్గర బండి ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ చేసింది. అప్పుడూ ఏమీ అనలేదు. మధ్యలో ఆయన కాలు మాత్రం లేని క్లచ్చుని మెల్లగా నొక్కింది. అదీ అత్త నొక్కిన క్షణంలోనే. ఇద్దరి కాళ్లూ కలిసి లేచాయి, కలిసి దిగాయి.

కాలవ గట్టు మీదుగా తిరిగి ఇంటికొచ్చాం. అత్త గేటు ముందు ఆపింది. కాస్త వంకరగా, కానీ ఆపింది. ఇంజను కట్టేసింది. ఆయన దిగలేదు.

"ఇల్లొచ్చింది" అంది అత్త.

"తెలుసు" అన్నాడు మామయ్య. "ఇంకో చుట్టు తిప్పు."

మీ అక్క